రెండు రోజులు తక్కువ

గురువారం సాయంత్రం ఆరింటికి
గ్రీనాక్ రేవు వీధిలో, ఒకప్పటి చేపల కొట్లో
మా ఆఫీసు తలుపు తెరుస్తాం.
ఎన్ని పూతలు వేసినా
వాన పట్టినప్పుడు గోడల్లోంచి ఇంకా నీచువాసన.
వాన పట్టని రోజంటూ ఇక్కడ ఉంటేగా.

టీ పెట్టడం నా పని.
టోకెన్లివ్వడం, జెరాక్స్ మెషీన్‌ని బుజ్జగించడం,
ఫీజెంతని గొణిగేవాళ్ళకి
"ఏమీ లేదు" అని చెప్పడం.
ఆ ముక్క నమ్మడానికి
టీ చల్లారేంత సేపు పడుతుంది వాళ్ళకి.

మూడో నంబరు ఆర్చిబాల్డ్ మకిల్‌రాయ్.
చక్కెర మిల్లులో ముప్ఫై ఏళ్ళు బస్తాలు మోశాడు.
మిల్లు మూతపడి చాన్నాళ్ళయింది,
భుజాలింకా బస్తా కోసం వంగే ఉన్నాయి.
చేతిలో రొట్టెల సంచీ.
సంచీ నిండా విప్పని కవర్లు.

"కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయా."
పోయిన వారమూ మర్చిపోయాడు.
"నాకు పైకి చదివితేగాని తలకెక్కదండీ" అంది మోర్వెన్.
మా లాయరమ్మ నోట
నేను విన్న అబద్ధం అదొక్కటే.

వెన్న కత్తితో ఒక్కో కవరూ కోసింది
ఈ కొట్లో ఒకప్పుడు చేప పొట్టలు కోసినట్టే.
కరెంటు బిల్లు.
ఆస్పత్రి పిలుపు, తేదీ దాటిపోయింది.
ఎల్స్‌పెత్ పేర పూలవిత్తనాల కేటలాగు.
అక్కడ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.
ఇంట్లో ఉత్తరాలన్నీ ఆవిడే చదివేది.
ఆవిడ పోయి పద్నాలుగు నెలలు.
ఉత్తరాలకి ఆ సంగతెవరూ చెప్పలేదు.

అడుగున ఉంది అసలుది:
ఇల్లు ఖాళీ చెయ్యమని తాఖీదు,
వచ్చే మంగళవారం కోర్టు.

మోర్వెన్ రెండుసార్లు చదివింది.
గోడ మీద పడవల టైంటేబులు క్యాలెండరు దించి
వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది.
మళ్ళీ మొదటినించీ.
"ఇరవై ఎనిమిది రోజులు ఇవ్వాలి.
వీళ్ళిచ్చింది ఇరవై ఆరు."

ఆయనకి అర్థం కాలేదు. నాకైంది.
ఆరేళ్ళ కిందట ఆ కుర్చీలో నేనున్నాను,
హోటలు వాడు ఎగ్గొట్టిన పదకొండు వారాల జీతంతో,
నాలుగంటే నాలుగు ఇంగ్లీషు మాటల్తో.
"రుక్సాండ్రా, ఎలా రాయాలి?" అని అడిగింది మోర్వెన్.
ఈ దేశంలో నా పేరు
తప్పు లేకుండా రాయాలనుకున్న మొదటి మనిషి.
చట్టమంటే పెద్దవాళ్ళ భాషనుకునేదాన్ని అప్పటిదాకా.
పక్కన కూర్చుని వేళ్ళు మడిచేవాళ్ళుంటే
అదీ కూడికలూ తీసివేతలే.

"బాకీ బాకీయే మాస్టారూ,
ఈ రెండు రోజులు దాన్ని చెరపవు.
కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, అంతే.
ఈలోగా మీకు రావాల్సిందేదో అడుగుదాం,
నెలకింతని కట్టుకుందాం."

అన్నీ ఇలా ఒడ్డెక్కవు.
ఐదో నంబరు పిల్ల, చంకలో బిడ్డ,
గడువు దాటిన మర్నాడొచ్చింది.
మోర్వెన్ చాలాసేపు క్యాలెండరు వంకే చూసింది.
నేను టీలో చక్కెర ఎక్కువేశాను.
నాకు చేతనైంది అదే.

మంగళవారం కోర్టులో ఎనిమిది నిమిషాలు పట్టింది.
నోటీసు చెల్లదన్నారు.

గురువారం మళ్ళీ వచ్చాడు, టోకెన్ తీసుకోలేదు.
నా బల్ల మీదకి వంగి
"అద్దాలు కాదమ్మా, నాకు చదువే రాదు" అన్నాడు,
కెటిల్‌కి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా.
కోటు లోపలినించి ఆ కేటలాగు తీశాడు.
కిటికీ తొట్టెలో ఆవిడ ఏటా వేసేదట
బఠాణీ పూలు, ఊదా రంగువి.
ఆర్డరు ఫారం నింపిపెట్టమన్నాడు.

ఎక్కడికి పంపమంటారు, అడిగాను.
ఇంటి నంబరూ, అంతస్తూ, వీధీ,
పోస్ట్‌కోడ్‌లో ఆఖరి అక్షరం దాకా
గది మొత్తం తిరిగి చూసేంత గట్టిగా
చెప్పాడు.